అటక మీద జత



ఇల్లు మారేటప్పుడో, సంక్రాంతికి వెల్ల వేయించేటప్పుడో అటక మీంచి సామాను దింపుతాం కదా, అందులో రెండు చెక్క డబ్బాలు చాలా ఇళ్లలో బయటపడుతుంటాయి. ముందువైపు నల్లటి జాలీ బట్ట, వెనక తెగిన తీగలు, పైన వేలు పెడితే దిగబడేంత దుమ్ము. నాన్నగారో తాతగారో ముచ్చటపడి కొనుక్కున్న స్టీరియో స్పీకర్లు. వాటితో వచ్చిన టేప్‌రికార్డరు ఏనాడో పోయుంటుంది. ఇవి మాత్రం పారెయ్యడానికి మనసొప్పక, వినడానికి తీరిక లేక పైకెక్కేసి ఉంటాయి. వీధిలో పాత ఇనపసామాను బండి కేక వినపడగానే ఇంట్లో ఎవరో ఒకరు ‘ఆ డబ్బాలు ఇచ్చేద్దామా’ అంటారు. బండి అతను ఒకసారి ఎత్తి చూస్తాడు. బరువుంది. అతనికి కావలసింది అయస్కాంతం చుట్టూ ఉన్న ఇనుమూ, లోపల కాస్త రాగీ. కాటా వేసి కిలోకి ఇంతని చేతిలో పెడతాడు.

ఆ కాటా ఎక్కించే ముందు ఒక గంట వాటితో గడపమని అడగడానికే ఈ ప్రసంగం. పనికిరావని తీసేసే స్పీకర్లలో చాలావాటికి వచ్చిన జబ్బు చిన్నది, తక్కువ ఖర్చుతో పోయేది. బతకాల్సినవాటిని మనం చేజేతులా పాడుచేసే పద్ధతులు రెండున్నాయి. అటక దింపీ దింపగానే యాంప్లిఫయరుకి తగిలించి గట్టిగా పాట పెట్టడం ఒకటి. చెడిపోయిన దానికొక్కదానికే ఏదో కొత్త సరుకు వేసి, రెండోదాన్ని పాతదిగానే వదిలెయ్యడం ఇంకొకటి. ఈ రెండోది మెకానిక్కులు కూడా చేస్తారు.

ఇది ఎందుకు తప్పో తెలియాలంటే ముందు స్టీరియో సంగతి కాస్త తెలియాలి. ఇంగ్లండులో ఇఎంఐ కంపెనీ ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ 1931 చివర్లో స్టీరియోకి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మామూలు ఇళ్లకి స్టీరియో ఎల్‌పి రికార్డులు రావడానికి 1958 దాకా పట్టింది. ఆయన పట్టుకున్న కిటుకు మన చెవులదే. ఎడమ చెవికీ కుడి చెవికీ అందే శబ్దంలో ఉన్న చిన్న తేడాని బట్టి మెదడు ఎవరు ఎటుపక్క ఉన్నారో లెక్క కడుతుంది. కచేరీ రికార్డు పెడితే పాడే ఆవిడ మధ్యలో, వయొలిన్ ఒక పక్క, మృదంగం ఇంకో పక్క కూర్చున్నట్టు అనిపించేది అందుకే. ఆ మధ్యలో డబ్బా ఏమీ లేదు, అయినా గొంతు అక్కణ్నుంచే వస్తుంది. రెండు డబ్బాలూ ఒకే రకంగా పలికినంత సేపే ఈ మాయ నిలుస్తుంది. ఒకటి కాస్త మందంగా, ఒకటి కాస్త కీచుగా పలికితే ఆవిడ పక్కకి జరిగిపోతుంది. కాబట్టి ఒకదానికి ఏం చేసినా రెండోదానికీ అదే చెయ్యాలి. ఈ ఒక్కటీ గట్టిగా పట్టుకుంటే మిగతా రిపేరు అంతా దాని వెంట నడుస్తుంది.

ముందు ఇవి ఎక్కడివో, ఎప్పటివో చూద్దాం. మన తెలుగిళ్ల అటకల మీదికి స్పీకర్లు ఎక్కువగా మూడు దారుల్లో వచ్చాయి. ఒకటి గల్ఫ్ దారి. 1970ల చివరి నుంచి కోనసీమ, కడప, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి కువైట్‌కీ దుబాయ్‌కీ మస్కట్‌కీ వెళ్లినవాళ్లు సెలవుకి వస్తూ తెచ్చినవి. విదేశీ సామాను మీద సుంకం మోత మోగిపోతున్న రోజులు, ఆర్థిక సంస్కరణలకి ముందు మాట. నేషనల్ పానాసోనిక్, సోనీ, షార్ప్, అకాయ్, సాన్సుయ్, పయనీర్, అన్నీ జపాను పేర్లే. రెండోది మన దేశంలో తయారైనవి: ఫిలిప్స్, కలకత్తాలో 1970లో మొదలైన సోనోడైన్, కాస్మిక్, ఆ తర్వాత బిపిఎల్ సాన్యో. మూడోది అసెంబుల్డ్ సరుకు. నన్నడిగితే వీటిలో ఎక్కువ ఆసక్తికరమైనవి ఇవే.

అసెంబుల్డ్ అంటే తీసిపారేసే మాట అనుకోకండి. ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ పత్రిక 1969లో మొదలైంది. అందులో వచ్చే సర్క్యూట్లు చూసి, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు బిగించి, ఊరూరా కుర్రాళ్లు యాంప్లిఫయర్లు చేసిన కాలం ఒకటుంది. స్పీకర్లు విడిగా కోఠీ గుజరాతీ గల్లీలోనో, నెల్లూరు వైపువాళ్లయితే మద్రాసు రిచీ స్ట్రీట్‌లోనో కొని, డబ్బాలు ఊళ్లో వడ్రంగి చేత చేయించేవారు. క్యాసెట్లలో పాటలు ఎక్కించి ఇచ్చే రికార్డింగ్ సెంటర్ల ముందు పెద్దగా మోగినవి చాలావరకు ఇవే. పేరు ఉండదు, లేబులు ఉండదు. డబ్బా మాత్రం ఒక్కోసారి అసలు టేకు. కంపెనీవాళ్లు రంపపు పొట్టు బోర్డు మీద చెక్క రంగు కాగితం అంటించి అమ్ముతున్న రోజుల్లో మన వడ్రంగి టేకు వేశాడు. లోపల స్పీకరు పోయినా ఆ డబ్బాని వదులుకోకండి.

కంపెనీ సరుకైతే వెనక లేబులు ఉంటుంది. పొడి బ్రష్షుతోనే దుమ్ము దులపండి, తడిగుడ్డ వేస్తే అక్షరాలు చెరిగిపోతాయి. దాని మీద తేదీ ఉండదు, కానీ చిరునామా ఉంటుంది, అది చాలు. బొంబాయి అని ఉంటే 1995కి ముందుది, మద్రాసు అని ఉంటే 1996కి ముందుది, కలకత్తా అని ఉంటే 2001కి ముందుది అయ్యుండాలి. ఊరి పేరు పక్కన 6 అంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది, ఎందుకంటే పిన్‌కోడ్ ఆ రోజే మొదలైంది. బొంబాయి-1, మద్రాసు-2 అని పొట్టి అంకె మాత్రమే ఉంటే అంతకంటే పాతది కావచ్చు. పశ్చిమ జర్మనీలో తయారు అని ఉంటే 1990కి ఇవతలది కాదు. పోస్టాఫీసు, భూగోళం కలిసి మనకి స్పీకరు వయసు చెప్పేస్తాయి.

లేబులు ఊడిపోతే తీగ తగిలించే చోటు చూడండి. ఒక గుండ్రటి పుల్ల, ఒక చదును పుల్ల ఉన్న చిన్న ప్లగ్గు ఉందంటే అది యూరప్ పద్ధతి, డిన్ ప్లగ్గు అంటారు; ఫిలిప్స్ సెట్లకి ఎక్కువ. నొక్కితే నోరు తెరిచే ఎరుపు, నలుపు క్లిప్పులైతే చాలావరకు జపాను వైపు సరుకు. ముందువైపు బట్టకి బదులు కిటికీకి కొట్టినట్టు సన్నటి చెక్క అల్లిక కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. సాన్సుయ్ ఎస్‌పి వరస లాంటి పెద్ద డబ్బాలు ఆ అల్లికకి పేరుపడ్డవి. అవి ఎక్కడున్నా కావాలని వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.  

స్క్రూలు విప్పి స్పీకరు బయటికి తీస్తే అయస్కాంతం కూడా కబురు చెబుతుంది. తీసేటప్పుడు ఒక జాగ్రత్త. స్క్రూడ్రైవరు అయస్కాంతం లాక్కుంటుంది. చేయి జారితే ముందున్న కాగితపు గరాటులోంచి, అంటే కోన్‌లోంచి దూసుకుపోతుంది. రెండో చేతిని కోన్‌కి అడ్డం పెట్టుకునే విప్పాలి. వెనక వెడల్పాటి నల్ల చక్రం ఉంటే ఫెర్రైటు. 1950ల మొదట్లో ఫిలిప్స్ ప్రయోగశాలలో పుట్టిన రకం ఇది, చవక. చిన్నగా, ఎత్తుగా, ఇనప చిప్ప మూసినట్టు ఉంటే అల్నికో అయ్యే అవకాశం ఉంది. అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిపిన లోహం. 1978లో ఆఫ్రికాలో జాయిరె దేశపు షాబా ప్రాంతంలో యుద్ధం వచ్చి కోబాల్టు గనులు ఆగేసరికి దాని ధర ఆకాశానికెక్కింది. జేబీఎల్ లాంటి స్పీకర్ల కంపెనీలు సైతం అల్నికో వదిలి ఫెర్రైటుకి మారాయి. కాబట్టి మీ అటక మీది అయస్కాంతం ఆకారంలో ఆఫ్రికా చరిత్ర ఒక ముక్క ఉన్నట్టే లెక్క.

అమెరికాలో ఉంటున్న మన పిల్లలు గ్యారేజ్ సేల్‌లో స్పీకర్లు కొని ఫొటో పంపి ‘ఇవి ఎప్పటివి, మామయ్యా’ అని అడుగుతుంటారు. వాళ్లకి పని ఇంకా సులువు. అమెరికా స్పీకరు చట్రం మీద సిరాతోనో అచ్చుతోనో కొన్ని అంకెలుంటాయి. మొదటి మూడూ తయారు చేసినవారి సంఖ్య: 220 అంటే జెన్సెన్, 137 అంటే సిటిఎస్. ఆ తర్వాత సంవత్సరం, వారం. 137 పక్కన 7325 అని ఉంటే, సిటిఎస్ వారు 1973లో 25వ వారంలో చేశారని. డబ్బా మీద ఏ గొప్ప పేరున్నా లోపలి సరుకు ఎవరిదో ఇక్కడ తేలిపోతుంది. రెండు డబ్బాల్లో తేదీలు చాలా తేడాగా ఉంటే, ఒకదాన్ని ఎవరో మధ్యలో మార్చారన్నమాట.

ఇక మూడు వేల వాట్లు, ఐదు వేల వాట్లు పిఎంపిఒ అని మెరిసే స్టిక్కరు ఉన్న ప్లాస్టిక్ మొహాల డబ్బాలు. అవి 1990ల మినీ సిస్టమ్‌లవి. ఆ వాట్లకి అర్థం లేదు. కంటికి రెప్పపాటు కూడా కాని క్షణానికి లెక్క గట్టిన గొప్పలు. వాటిని పలికినంతకాలం వాడుకోండి గానీ వాటి మీద డబ్బు పెట్టకండి అనేదే నా సలహా. లోపల పల్చటి బోర్డు, చిన్న అయస్కాంతం, ఒక్క కండెన్సరు. బాగుచేసినా చేతికొచ్చేది ఆ పాత మోతే.

సరే, వాటి పుట్టుపూర్వోత్తరాలు తెలిశాయి. ఇప్పుడు ఆరోగ్యం చూద్దాం. కరెంటు వైపు ఇంకా వెళ్లొద్దు. టార్చిలైటు, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ, చవక రకం మల్టీమీటరు చాలు.

మొదట డబ్బా ముందో వెనకో బాస్ కోసం గుండ్రటి కంత ఉంటే అందులోకి టార్చి వేసి చూడండి. మన దేశంలో ఇది నవ్వులాట కాదు. ఎలుకలు అందులోంచి దూరి లోపలి దూదితో గూడు కడతాయి. బల్లి గుడ్లుంటాయి. కందిరీగ మట్టి గూడు కట్టి కంతనే పూడ్చేస్తుంది. బోర్డు కింది అంచు గోటితో గీకండి, పొడిగా రాలితే చెదలు పట్టిందో, తేమకి ఉబ్బిందో. లోపల పసుపుపచ్చగా గాజు ఉన్ని ఉంటే చేతికి తొడుగులు, ముక్కుకి గుడ్డ లేకుండా ముట్టుకోవద్దు, దురద ఒక పట్టాన వదలదు.

తర్వాత పెద్ద స్పీకరు, అంటే వూఫరు. మధ్య టోపీకి అటూ ఇటూ రెండు చేతుల వేళ్లూ సమానంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. చప్పుడు లేకుండా వెళ్లి రావాలి. ఇసక మీద గీసినట్టు గరగర వినపడితే కోన్ వెనక ఉన్న తీగ చుట్ట, అంటే కాయిల్, అయస్కాంతానికి రాసుకుంటోందని అర్థం.  కంత లేని, మూసిన డబ్బా అయితే ఇంకో పరీక్ష కూడా ఉంది. అమెరికాలో ఎడ్గర్ విల్చర్ 1954లో ఎఆర్-1 అనే స్పీకరుతో చూపించిన పద్ధతి అది. డబ్బాని గాలి దూరకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. సైకిలు పంపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నొక్కితే పిడి వెనక్కి తంతుంది చూడండి, అదే. అలాంటి డబ్బాలో వూఫరు నొక్కి వదిలితే తాపీగా వెనక్కి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది, చాలాసార్లు స్పీకరు చట్రం కింద ఎండిపోయిన గ్యాస్కెట్ దగ్గర.

మీటరుని ఓమ్స్‌లో పెట్టి వెనక తీగలకి ఆనించండి. 8 ఓమ్స్ స్పీకరు మీటరు మీద సుమారు ఐదున్నర నుంచి 7 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్స్‌ది మూడు, మూడున్నర. తక్కువ చూపించిందని కంగారు పడొద్దు. లేబులు మీద రాసేది పాట నడిచేటప్పటి అడ్డు, మీటరు చూపేది తీగ అడ్డు మాత్రమే. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగింది, లేదా కోన్ మీదికి వెళ్లే మెత్తటి అల్లిక తీగ తెగింది. రెండోదైతే సోల్డరింగ్‌తో పోతుంది. చిన్న స్పీకరుని, అంటే ట్వీటరుని, ఇలా బయటి నుంచి కొలవలేం. దాని దారిలో కండెన్సరు అడ్డం ఉంటుంది. దాన్ని విప్పి విడిగానే చూడాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1970ల నుంచి వచ్చిన వూఫర్లలో చాలావాటికి కోన్ చుట్టూ, చట్రానికి తగిలేచోట, ఒక మెత్తటి స్పాంజి అంచు ఉంటుంది. ఫోమ్ అంటారు. కోన్ ముందుకీ వెనక్కీ ఊగడానికి అదే కీలు. ఆ ఫోము పాలీయురెథేన్. తేమ, వేడి తగిలి దాని లోపలి బంధాలు తెగిపోతాయి. వాడినా వాడకపోయినా పదిహేను ఇరవై ఏళ్లలో దాని పని అయిపోతుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకా ముందే. కాకినాడలో తెలిసినవారింట్లో ఒక జత విప్పినప్పుడు చూశాను. జాలీ తీసి చూస్తే అంచు నిండుగా, నల్లగా, కొత్తదానిలా కనిపించింది. వేలు ఆనించగానే ముక్క ఊడి వేలికి తారులా అతుక్కుంది. ఇంకోచోట ముట్టుకుంటే పొడై రాలింది. చుట్టూ తాకేసరికి కోన్ మధ్యలో ఒంటరిగా వేలాడుతూ ఉంది. దాన్ని అలాగే యాంప్లిఫయరుకి పెట్టి ఉంటే మొదటి డప్పు దెబ్బకే కోన్ పక్కకి ఒరిగి కాయిల్ గీసుకుపోయేది. కోన్ బాగుంది, కాయిల్ బాగుంది, అయస్కాంతం బాగుంది. పోయింది ఒక్క స్పాంజి రింగు.

ఆ ఇంటాయన దాన్ని ఊళ్లో మైకుసెట్టు అద్దెకిచ్చే కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాడు. పెళ్లిళ్లకీ జాతరలకీ మోగి మోగి పేపరు చిరిగిన స్పీకర్లని తిరిగి కాయిల్ చుట్టి నిలబెట్టేది వాళ్లే, చెయ్యి తిరిగిన పనివాళ్లు. ‘ఎందుకు బాబాయ్ గారూ ఈ అతుకులు, కొత్తది వేసేద్దాం, దీనికంటే గట్టిగా మోగుద్ది’ అన్నాడు. ‘గట్టిగా అక్కర్లేదురా అబ్బాయ్, పక్కదానిలా మోగాలి’ అన్నాడాయన. అంతే ఆ అబ్బాయికి పని అర్థమైంది. ఆ సాయంత్రమే రెండు వూఫర్లకీ కొత్త ఫోము రింగులు తెప్పించమన్నాడు, బాగున్న రెండోదానికి కూడా.

రింగు కొనేటప్పుడు 8 అంగుళాల స్పీకరు అంటే చాలదు. కోన్ అంచు నుంచి అంచు దాకా ఎంత, చట్రం లోపల ఎంత, అని మిల్లీమీటర్లలో కొలవాలి. పాత ఫోముని, దాని కింది పాత జిగురుని ఐసోప్రొపైల్ స్పిరిటు అద్దిన గుడ్డతో ఓపిగ్గా తుడిచెయ్యాలి, కోన్ కాగితం నానకూడదు. కొత్త రింగుని ముందు కోన్‌కి అంటించి, పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు చట్రానికి అంటించాలి. ఈ రెండో అంటింపు దగ్గరే పని నిలిచేదీ చెడేదీ. జిగురు పచ్చిగా ఉండగానే కాయిల్ నట్టనడుమ నిలవాలి. దానికి రెండు మార్గాలు. మధ్య టోపీని జాగ్రత్తగా కోసి తీసి, కాయిల్‌కీ లోపలి కడ్డీకీ మధ్య సందులో పాత ఎక్స్‌రే ఫిల్ము సన్నటి ముక్కలు చుట్టూ దోపి, ఆరాక లాగెయ్యడం పాత పద్ధతి. టోపీ కొయ్యకుండా చెయ్యాలంటే సెల్‌ఫోనులో 30 హెర్ట్జ్ శబ్దం పెట్టి, యాంప్లిఫయరు వాల్యూము బాగా తగ్గించి, కోన్ మెల్లగా ఊగుతుండగా గరగర వినపడనిచోట రింగుని సర్ది నొక్కడం. క్విక్ రకం జిగుర్లు వాడకండి, సర్దుకునే వ్యవధి ఇవ్వవు, గట్టిపడి పెళుసవుతాయి. ఫోముకి ఫోమే వెయ్యండి. రబ్బరు ఎక్కువకాలం ఉంటుంది నిజమే, కానీ బిగువు వేరు. బాస్ లోతు మారిపోతుంది. బట్ట అంచు ఉన్న స్పీకర్లయితే మీరు అదృష్టవంతులు. 1970ల జపాను డబ్బాల్లో చాలావాటికి బట్ట అంచే, నేటికీ చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని మార్చాలని ఎవరైనా అంటే వద్దనండి.

కోన్ కాగితానికి చిన్న చిరుగు ఉంటే పల్చటి టిష్యూ కాగితం ముక్క, నీళ్లు కలిపిన ఫెవికాల్, వెనకవైపు నుంచి. అంతకంటే బరువు వెయ్యొద్దు.

ట్వీటరు మీద పిల్లల వేలి గుర్తు లేని పాత స్పీకరుని నేను చాలా అరుదుగా చూశాను. ఆ మెత్తటి గుండ్రం చూస్తే ఏ పసివాడికైనా నొక్కాలనిపిస్తుంది. బట్ట డోమైతే అంటుకునే టేపుతో మెల్లగా పైకి లాగితే వస్తుంది, పలుకులో తేడా పెద్దగా ఉండదు. ట్వీటరు మూగగా ఉందంటే, మీటరు మీద కాయిల్ బాగుందంటే, తప్పు కండెన్సరుది. వూఫరుకి పోయే మోతని ట్వీటరు దాకా రానివ్వకుండా ఆపేది అదే. చిన్న డబ్బాల్లో మూడో నాలుగో మైక్రోఫారడ్లది. లోపలి ద్రవం ఏళ్లకి ఎండి దాని అడ్డు పెరుగుతుంది, ట్వీటరు సగం గొంతుతో పలుకుతుంది. వయొలిన్ కమాను రాపిడి, తాళం గింగురు మాయమవుతాయి. ఇల్లంతా ‘స్పీకరు ముసలిదైంది’ అనుకుంటారు. కొట్లో అడగాల్సింది ఎన్‌పి కండెన్సరు, అంటే ప్లస్సూ మైనస్సూ లేనిది. మామూలుది వేస్తే కొన్నాళ్లకే పోతుంది. ఎన్‌పి దొరక్కపోతే కావలసినదానికి రెట్టింపు విలువ గలవి రెండు తీసుకుని, వాటి మైనస్ కాళ్లు ఒకదానికొకటి కలిపితే సరిపోతుంది. 4.7 బదులు 10వి రెండు అలా కలిపితే 5 వస్తుంది, పర్వాలేదు. వోల్టేజి పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. వేలకి వేలు పోసి ఫిల్ము కండెన్సర్లు వెయ్యాలని చెప్పేవాళ్లుంటారు. మంచివే, ఎక్కువకాలం మన్నుతాయి, కాకపోతే ట్వీటరు ఒక పిసరు పదునెక్కుతుంది. వేస్తే రెండు డబ్బాలకీ వెయ్యండి. శబ్దాన్ని వూఫరుకీ ట్వీటరుకీ పంచే క్రాసోవరు మొత్తం పీకేసి బజార్లో దొరికే రెడీమేడ్ బోర్డు బిగించడం మాత్రం వద్దు. అది మీ స్పీకర్ల కోసం లెక్క కట్టింది కాదు.

డబ్బా ముందో వెనకో ట్వీటరు తగ్గించి పెంచే చిన్న మీట ఉంటే, శబ్దం వస్తూ పోతూ ఉన్నప్పుడు ముందు దాన్నే అనుమానించండి. కాంటాక్ట్ క్లీనరు రెండు చుక్కలు కొట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి పలుమార్లు తిప్పితే సగం కేసుల్లో అక్కడితో సరి.

ఇదంతా అయ్యాక యాంప్లిఫయరు. అదీ పాతదైతే దాని లోపల చెయ్యి పెట్టకండి, ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలవుంటుంది, అది తెలిసినవాళ్ల పని. స్పీకర్లని తక్కువ వాల్యూములో మనిషి గొంతుతో మొదలుపెట్టండి, వార్తలైతే ఇంకా మంచిది. తర్వాత మృదంగం. ఎడమవైపు తొప్పి దెబ్బ వూఫరు సంగతి చెబుతుంది, కుడివైపు చాపు ట్వీటరు సంగతి చెబుతుంది. చిన్న యాంప్లిఫయరుతో పెద్ద స్పీకర్లకి ప్రమాదం లేదనుకుంటారు. నిజానికి తన శక్తికి మించి గొంతు చించుకునే చిన్న యాంప్లిఫయరే శబ్దపు అలల తలలు కోసేసి, ఆ పదునంతా ట్వీటరు మీదికి పంపి కాల్చేస్తుంది. నాబు సగం దాటాక గొంతు పగిలినట్టు వస్తే అక్కడే ఆపండి.

ఆఖరుగా ఎరుపూ నలుపూ. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ప్లస్సుని స్పీకరు ఎర్ర తీగకి, మైనస్సుని నల్లదానికి ఒక్క క్షణం ఆనిస్తే వూఫరు బయటికి రావాలి. ట్వీటరుని మాత్రం ఇలా విడిగా బ్యాటరీకి తగిలించొద్దు. పాత జేబీఎల్ స్పీకర్లలో వూఫరు బయటికి కాకుండా లోపలికి పోతుంది, వాళ్ల పద్ధతే అప్పట్లో తిరగబడి ఉండేది, అది జబ్బు కాదు. మనకి ముఖ్యం రెండు డబ్బాలూ ఒకేవైపు కదలడం. ఒకటి బయటికి వస్తున్నప్పుడు ఇంకొకటి లోపలికి పోతే రెండింటి బాసూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. బాగుచేయించిన స్పీకర్లలో ‘బాస్ రావట్లేదు’ అని నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే.

ఈ ప్రసంగాన్ని మీరు ఇప్పుడు అలాంటి జతలోనే వింటుంటే పరీక్ష ఇక్కడే అయిపోతుంది. రెండు డబ్బాలకీ సమాన దూరంలో, మధ్యలో కూర్చోండి. నా గొంతు ఆ రెండింటి నడుమ నుంచి, ఖాళీ గోడలోంచి రావాలి. గదంతా పరుచుకుని, ఎటునుంచో తెలియకుండా, కాస్త పేలవంగా వస్తుంటే తీగలు తారుమారైనట్టే. యాంప్లిఫయరు కట్టేసి, ఒక డబ్బా వెనక ఎరుపూ నలుపూ మార్చి చూడండి. ఒక్కదానికే సుమండీ. రెండింటికీ మార్చేశారంటే మళ్లీ మొదటికే వస్తారు.